జీతాలు సమానమే, ఇళ్ళు సమానం కావు

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. జవాబు చెప్పే ముందు నాకు అర్థమైన సంగతిని క్లుప్తంగా చెబుతాను. మీకు 27 ఏళ్ళు, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మీ నాన్నగారు ముప్పై ఏళ్ళ క్రితం ఉదయగిరి ప్రాంతం నుంచి బెంగుళూరుకు వచ్చి, ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు రాసే పనితో మొదలుపెట్టి, ఇప్పుడు సొంతంగా అపార్ట్‌మెంట్లు కట్టించే స్థితికి ఎదిగారు. మీరు మూడేళ్ళుగా ఇష్టపడుతున్న అబ్బాయి మీ ఆఫీసులోనే పనిచేస్తాడు, జీతం మీకంటే కొంచెం ఎక్కువే. అతని తండ్రి మదనపల్లె టమాటా మార్కెట్టులో హమాలీ, తల్లి ఇడ్లీ బండి నడుపుతారు, పెళ్ళి కావలసిన చెల్లెలు ఉంది. మీ ఇద్దరిదీ ఒకే కులం. అయినా, ఎవరో బంధువు చెప్పగా విషయం తెలుసుకున్న మీ నాన్నగారు "వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి" అని మీ అమ్మగారితో అన్నారు, ఆ పెళ్ళి చేసుకుంటే ఆస్తిలో చిల్లిగవ్వ ఇవ్వనని కూడా చెప్పించారు. అమ్మగారు సరిగా తినడం లేదు, "నేను బతికుండగా జరగదు" అంటున్నారు. వచ్చే ఆదివారం అమెరికా సంబంధం వాళ్ళు మిమ్మల్ని చూడడానికి వస్తున్నారు. ఇంట్లోవాళ్ళు ఈ పెళ్ళిని చట్టపరంగా ఆపగలరా, ఆస్తి గురించి నాన్నగారు అన్న మాట చెల్లుతుందా, ఆ ఇంట్లో మీరు ఇమడగలరా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను అనంతపురం జిల్లా నుంచి వచ్చి 23 ఏళ్ళుగా బెంగుళూరులో కుటుంబ వివాదాల వకీలుగా పనిచేస్తున్నాను. అందులో చాలా కాలం వాదనల కంటే మధ్యవర్తిత్వంలోనే, అంటే రెండు పక్షాలనూ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి మాట్లాడించడంలోనే గడిచింది. మీకు సలహా చెప్పే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా తమ్ముడు ఒకప్పుడు మా ఊరి బడిలో ఆయాగా పనిచేసే ఆమె కూతురిని ఇష్టపడ్డాడు. అప్పటికి నేను వకీలునై ఏడేళ్ళు, చట్టమంతా కంఠస్థం. అయినా నాన్న అడిగారని ఆ అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి "నువ్వు మా ఇంట్లో ఇమడలేవమ్మా, నీ మంచికే చెబుతున్నాను" అన్నది నేనే. ఆ అమ్మాయి ఎదురు మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది. తమ్ముడు మేము చూపించిన సంబంధమే చేసుకున్నాడు, సంసారం సాగుతోంది, కానీ ఆ తరువాత నాతో మనసు విప్పి మాట్లాడింది లేదు. ఇమడడం అన్న మాట మీ ప్రశ్నలో కనిపించగానే నాకు ఆ మధ్యాహ్నం గుర్తుకు వచ్చింది. మొదటి రెండు ప్రశ్నలకు చట్టం సూటిగానే జవాబు చెబుతుంది. మూడోదానికి చట్టంలో జవాబు లేదు కనుక దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

చట్టరీత్యా మీ పెళ్ళిని ఎవరూ ఆపలేరు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండి, ఇద్దరికీ అంతకుముందు చేసుకున్న పెళ్ళి అమలులో లేకుండా, వరస కాని దగ్గరి బంధుత్వం లేకుండా ఉంటే 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవచ్చు. కులాలు వేరైనా ఆ చట్టం అడ్డు చెప్పదు. అయితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫికెట్ తీసుకుంటే ఈ చట్టం కింద పెళ్ళి అయిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. ఇరువురిలో ఒకరి ఆచారం ప్రకారమైనా క్రతువు జరగాలి, రిజిస్ట్రేషను జరిగిన పెళ్ళికి రుజువు మాత్రమే. క్రతువు జరగనిదే సర్టిఫికెట్ ఒక్కటే పెళ్ళి కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. కనుక గుడిలో చేసుకున్నా క్రతువు పూర్తిగా జరిపించండి, ఫొటోలు, సాక్షుల వివరాలు భద్రంగా ఉంచుకోండి. క్రతువు వద్దనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. మీలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేచోట అంటిస్తారు, 30 రోజులు గడిచాక ముగ్గురు సాక్షుల ఎదుట సంతకాలు చేస్తారు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్ళి జరగకపోతే మళ్ళీ కొత్త నోటీసు ఇవ్వాలి. నోటీసు అంటించిన ఆ 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు గానీ వయసు, అంతకుముందు పెళ్ళి, దగ్గరి బంధుత్వం, మానసిక స్థితి వంటి కారణాలే చెల్లుతాయి. అవతలివాళ్ళు మా తాహతుకు తగరు అన్నదానిని చట్టం అభ్యంతరంగా లెక్కపెట్టదు.

కూతురు కనిపించడం లేదని ఇంట్లోవాళ్ళు పోలీసు ఫిర్యాదు ఇవ్వడం మామూలే. కర్ణాటకకే చెందిన ఒక లెక్చరర్ ఇలాగే తన ఇష్టప్రకారం పెళ్ళి చేసుకుని ఉత్తరాదికి వెళ్ళినప్పుడు, వెనక్కి వచ్చి వాంగ్మూలం ఇవ్వకపోతే ఆమె భర్త మీద కిడ్నాప్ కేసు పెడతామని దర్యాప్తు అధికారి ఒత్తిడి చేశాడు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆమె ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు మీద పెట్టిన కేసును కొట్టివేసి, ఇద్దరు మేజర్లు ఒప్పుకున్నాక కుటుంబం అంగీకారం గానీ, కులం అంగీకారం గానీ అవసరం లేదని, ఇటువంటి కేసుల్లో మెలగవలసిన తీరు గురించి పోలీసులకు శిక్షణ ఇవ్వాలని చెప్పింది. ఒకే కులం కనుక ప్రమాదం ఉండదని మీరు రాశారు. అలా అనుకుని అజాగ్రత్తగా ఉండకండి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య పక్కన ఉండగానే ఒక దళిత యువకుణ్ణి, అమ్మాయి ఇంట్లోవాళ్ళకు నచ్చని పెళ్ళి చేసుకున్నందుకు, కిరాయి మనుషులు నరికి చంపిన కేసులో, 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. మీ ఇంట్లో అటువంటి స్వభావం ఉందని నేను అనడం లేదు. కానీ మీ నాన్నగారు గాని, చిన్నాన్నలు గాని ఎప్పుడైనా చేయి చేసుకున్నారా, ఫోను లాక్కోవడం, గదిలో పెట్టి తాళం వేయడం వంటివి చేశారా, ఆ అబ్బాయి తల్లిదండ్రులకు మార్కెట్టులో ఎవరి ద్వారానైనా బెదిరింపు వెళ్ళిందా అని ఇప్పుడే ఆలోచించుకోండి. ఈ మూడింటిలో ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా, నేను ఇక కింద చెప్పబోయే ఓపిక మాటలన్నీ పక్కన పెట్టి, అత్యవసర నంబరు 112కు గాని, మహిళల సహాయ నంబరు 181కి గాని ఫోను చేసి ముందు రక్షణ అడగండి.

ఆస్తి విషయం. మీ నాన్నగారి స్వార్జితం, అంటే ఆయన సొంతంగా సంపాదించి తన పేర కొన్నది, ఆయన ఎవరికైనా వీలునామా రాయవచ్చు, ఎవరికీ రాయకపోవచ్చు. ఆయన ఉన్నంతకాలం అక్కడ మీకు హక్కంటూ లేదు, వీలునామా రాయకుండా పోతే మాత్రం వారసురాలిగా మీకూ వాటా వస్తుంది. ఉదయగిరి వైపు తాతల నాటి ఉమ్మడి భూమి ఏదైనా ఉంటే అది వేరు. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం పిత్రార్జితంలో కొడుకుకు ఎంత వాటా పుట్టుకతో వస్తుందో కూతురికీ అంతే వస్తుంది, 2020లో సుప్రీంకోర్టు దానికి మిగిలి ఉన్న సందేహాలను కూడా తీర్చింది. ఎవరిని పెళ్ళి చేసుకున్నారన్నదాన్ని బట్టి ఆ వాటా పోదు. ఇదంతా తెలుసుకుని ఉండడం మంచిదే, కానీ ఈ మాటలు మీ నాన్నగారి ముందు ఎత్తవద్దని నా గట్టి సలహా. ప్రేమ గురించి మొదలైన సంభాషణ ఒక్కసారి పట్టాదారు పాసుపుస్తకం దగ్గరికి వెళితే, అక్కడి నుంచి వెనక్కి వచ్చిన కుటుంబాన్ని నేను చూడలేదు. ఆయన ఇవ్వనన్నది వదులుకోగలనా అని మీకు మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోండి. వదులుకోలేననిపిస్తే అది సిగ్గుపడవలసిన విషయం కాదు, పెళ్ళికి ముందే తెలిసిందని సంతోషించవలసిన విషయం.

ఇప్పుడు మీ నాన్నగారు అన్న సామెత దగ్గరికి వద్దాం. మీరు దాన్ని అహంకారంగా తీసుకున్నారు. నాకు అందులో వియ్యం అన్న మాట ముఖ్యంగా కనిపిస్తోంది. వియ్యం మొగుడికీ పెళ్ళానికీ మధ్య ఉండేది కాదు, రెండు ఇళ్ళ మధ్య ఉండేది. మీరిద్దరూ ఒకే ఆఫీసులో, ఒకే క్యాంటీనులో, ఒకే రకం జీతపు చీటీతో సమానులయ్యారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల చివరలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల హమాలీల పిల్లలు, తాపీమేస్త్రీల పిల్లలు వేల సంఖ్యలో ఇంజనీరింగు చదివి మారతహళ్ళి, బెళ్ళందూరు హాస్టళ్ళలో వచ్చి దిగారు. ఒక తరంలో పిల్లలు సమానమయ్యారు గానీ, వాళ్ళ ఇళ్ళు ఇంకా ఎక్కడివక్కడే ఉన్నాయి. నా దగ్గరికి వచ్చే ప్రేమ వివాహపు గొడవల్లో చాలావరకు ఈ తేడాలోనే పుడుతున్నాయి.

మీ నాన్నగారి భయం కూడా అక్కడే ఉందని నా అనుమానం. ఆయన పుట్టినప్పుడే ఉన్నవాడైతే ఇంత భయపడేవారు కాదేమో. రేకుల షెడ్డులో పడుకుని, నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడి, పండక్కి ఊరికి వెళ్ళడానికి చార్జీలు లేక ఆగిపోయిన మనిషికి ఆ జీవితం ఎలా ఉంటుందో మీకంటే బాగా తెలుసు. మదనపల్లె ఇంటిలో ఆయనకు ముప్పై ఏళ్ళ క్రితం తాను వదిలి వచ్చిన ఇల్లే కనిపిస్తోంది, కూతురు మళ్ళీ అక్కడికే నడిచి వెళుతున్నట్టు అనిపిస్తోంది. ఇలాంటి తండ్రి దగ్గర "డబ్బే ముఖ్యమా నాన్నా" అన్న ప్రశ్న పనిచేయదు. డబ్బు లేకపోవడమంటే ఏమిటో అనుభవించిన వాడికి ఆ ప్రశ్న చిన్నపిల్లల మాటలా వినిపిస్తుంది. మనం ఏ లెక్కతో బతకబోతున్నామో అంకెలతో చూపిస్తే ఆయన కనీసం వింటారు, ఎందుకంటే ఆయన జీవితమంతా లెక్క చూసిన మనిషి.

ఆ లెక్క చెప్పాలంటే ముందు మీకు అది తెలియాలి. మీ ఉత్తరంలో మీ ఇంటి గురించి నాలుగు పేరాలు ఉన్నాయి, అతని ఇంటి గురించి రెండు వాక్యాలు ఉన్నాయి. మీ ఇంటి ఒత్తిడి కేకలు వేస్తుంది కనుక మీకు వినబడుతోంది. అతని ఇంటి ఒత్తిడి నోరు తెరవదు. ఒక హమాలీ తన కొడుకును ఇంజనీరు చేశాడంటే, ఫీజు ప్రభుత్వం కట్టినా, హాస్టలు ఖర్చు, పుస్తకాలు, కోచింగు, బెంగుళూరులో ఉద్యోగం దొరికేదాకా గడిచిన నెలలు, ఇవన్నీ ఎక్కడో అప్పుగా రాసి ఉంటాయి. డ్వాక్రా గ్రూపులో తల్లి తీసుకున్న రుణం, బంగారం తాకట్టు, మండీ యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు, ఊళ్ళో ఎవరి దగ్గరో మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షో రెండు లక్షలో. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36 అని ఆఫీసులో పెరిగిన పిల్లలకు వెంటనే తోచదు. ఆ ఇంటి వాళ్ళు ఇన్నేళ్ళుగా తమ దగ్గర ఉన్నదంతా ఒక్క కొడుకు మీద పెట్టారు. ఇప్పుడు పెద్దింటి కోడలు వస్తుందంటే వాళ్ళకు గర్వంతో పాటు, కొడుకు చేజారిపోతాడన్న బెంగ కూడా ఉంటుంది, చెల్లెలి పెళ్ళికి ఎవరు నిలబడతారన్న దిగులు ఉంటుంది. ఆ తల్లి ఆ మాట పైకి అనరు, మీ ముందు అసలే అనరు.

కనుక మీరిద్దరూ ఒక ఆదివారం కూర్చుని కాగితం మీద రాసుకోండి. అతను ఇంటికి నెలకు ఎంత పంపుతున్నాడు, పెళ్ళయ్యాక ఎంత పంపుతాడు, ఎన్నేళ్ళు పంపుతాడు, అప్పు ఎంత మిగిలింది, చెల్లెలి పెళ్ళికి ఎంత అనుకుంటున్నారు, అందులో మీ జీతం నుంచి వెళ్ళేది ఏమైనా ఉందా. మీ వైపు కూడా రాయండి. ఇంతవరకు మీ జీతంలో మీరు ఇంటికి ఏమీ ఇవ్వకుండా, కారు, ఫోను, బట్టలు నాన్నగారి మీద గడిచిపోతున్నాయి కదా, అవన్నీ ఆగిపోతే మీ నెల ఖర్చు ఎంత అవుతుంది. ఉదాహరణకు ఇద్దరి చేతికీ కలిపి వచ్చేది నెలకు లక్షా అరవై వేలు అనుకుందాం. రెండు గదుల ఇంటి అద్దె 35 వేలు, ఇంటికి పంపేది 30 వేలు, అప్పుల వాయిదా 25 వేలు పోతే మిగిలేది 70 వేలు. కొత్త సంసారానికి అది తక్కువ కాదు, కానీ మీరు పెరిగిన తీరుకు సరిపోతుందో లేదో మీరే చెప్పగలరు. అతను ఇంటికి పంపే డబ్బును దయగానో, బలహీనతగానో ఎన్నడూ చూడకండి. వయసు మళ్ళిన తల్లిదండ్రులను పోషించడం పిల్లల బాధ్యత అని 2007 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టం కూతుళ్ళకూ వర్తిస్తుంది కనుక, ఆస్తి ఇచ్చినా ఇవ్వకపోయినా మీ అమ్మానాన్నల పట్ల మీకూ అదే బాధ్యత ఉంటుంది.

అతని ఇంటికి ఒకసారి వెళ్ళండి. హోసకోటె, చింతామణి మీదుగా మూడు గంటల ప్రయాణం. ఇంకొక స్నేహితురాలిని వెంటబెట్టుకుని, ఆఫీసు స్నేహితులుగానే వెళ్ళి ఒక రాత్రి ఉండండి. సరిపోతుందా లేదా అని తనిఖీ చేసే చూపుతో వెళ్ళవద్దు, ఏదో ఇచ్చి రావాలన్న ఉత్సాహంతో అసలే వద్దు. పెద్ద పండ్ల బుట్టలు, పట్టు చీర తీసుకువెళితే వాళ్ళు తిరిగి ఏమి పెట్టాలో తెలియక ఇబ్బంది పడతారు. పెట్టింది తినండి, తెల్లవారుజామున మూడింటికి ఆమె పిండి బండి మీదకు ఎక్కించే వేళకు నిద్ర లేవండి, వీలైతే ఆ పూట బండి దగ్గర నిలబడండి. స్నానాల గది బయట ఉండడం, నీళ్ళు పట్టి పెట్టుకోవడం, పక్కింటివాళ్ళు వచ్చి చూసి వెళ్ళడం, వీటన్నిటికీ మీ మనసు ఎలా స్పందించిందో తిరిగి వచ్చే దారిలో మీకే తెలుస్తుంది. చిరాకు కలిగితే కలిగిందని అతనికి చెప్పండి. దాచుకున్న చిరాకు పెళ్ళయ్యాక అత్తగారి వంట మీదకో, ఆడపడుచు మాట మీదకో మళ్ళుతుంది.

ఒక జంట సంగతి చెబుతాను. గుర్తు పట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. అమ్మాయి వాళ్ళకు జయనగర్ వైపు పెద్ద బట్టల వ్యాపారం, అబ్బాయి తండ్రి కదిరి దగ్గర తాపీ పని చేసేవాడు. రెండేళ్ళ పట్టుదల తరువాత అమ్మాయి తండ్రి ఒప్పుకుని, నగరంలో పెద్ద కల్యాణ మండపం తీసుకుని, మొత్తం ఖర్చు తనే పెట్టుకుని ఘనంగా పెళ్ళి చేశాడు. ఆరేళ్ళ తరువాత ఆ దంపతులు బెంగుళూరు మధ్యవర్తిత్వ కేంద్రం ఉన్న న్యాయదేగుల భవనంలో నా ఎదుట కూర్చున్నారు. గొడవ దేని గురించి అని అడిగితే ఫ్రిజ్ గురించి అన్నారు. మామగారు అడక్కుండా పెద్ద ఫ్రిజ్ పంపించారు, అల్లుడు తిప్పి పంపించాడు, భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. మూడు సిట్టింగులు గడిచాక అసలు మాట బయటికి వచ్చింది. పెళ్ళి రోజు అతని తల్లిదండ్రులను పీటల దగ్గర పనికి కావలసినంతసేపు ఉంచి, రిసెప్షను వేళకు ముందు వరుసలో వ్యాపారస్తులు కూర్చుంటారని వెనక వరుసకు పంపారు. భోజనాల దగ్గర మేళగాళ్ళ వైపు నిలబడి ఉన్న తండ్రిని, ఎవరో మండపం మనిషి అనుకుని, నీళ్ళ క్యాను తెమ్మన్నారు. ఆ తండ్రి తెచ్చి పెట్టాడు. కొడుకు అది పీటల మీద నుంచి చూశాడు. ఆరేళ్ళలో తల్లి వాళ్ళ ఫ్లాటుకు వచ్చింది రెండేసార్లు, వచ్చినా సోఫా మీద కూర్చోలేదు. భార్యకు ఇదేమీ తెలియదు, ఆ రోజు ఆమె ఫొటోగ్రాఫర్ల మధ్య ఉంది. అమ్మాయి తండ్రి చెడ్డవాడు కాదు, డబ్బు పెట్టినవాడిగా పెళ్ళిని నడిపించాడు, అంతే. కానీ వియ్యం అన్నది ఆ రోజే తెగిపోయింది, ఆ తరువాత వచ్చిన ప్రతి వస్తువూ ఆ నీళ్ళ క్యానును గుర్తు చేసింది.

అందుకే మీ నాన్నగారు ఒప్పుకుంటేనే ఎక్కువ జాగ్రత్త అవసరం అని అంటున్నాను. పెళ్ళి ఖర్చు రెండు ఇళ్ళూ సగం సగం భరించగలిగినంతకే కుదించండి. అతని వాళ్ళు నూరు మందికి భోజనం పెట్టగలిగితే మొత్తం రెండు వందల మందే రావాలి. కన్నడ మహాకవి కువెంపు చూపిన మంత్ర మాంగల్య పద్ధతి ఈ రాష్ట్రంలో ఇప్పటికీ చాలామంది పాటిస్తున్నారు. ఆయన తన కుమారుడు పూర్ణచంద్ర తేజస్వి పెళ్ళిని 1966లో ఆ పద్ధతిలోనే, కట్నకానుకలు, ఆర్భాటం లేకుండా జరిపించారు. ఆ దారి మీకు నచ్చితే, చట్టపరమైన సందేహం మిగలకుండా ప్రత్యేక వివాహ చట్టం కింద కూడా పెళ్ళి జరిపించుకోండి. ఏ పద్ధతిలో చేసుకున్నా అతని తల్లిదండ్రులు మీ తల్లిదండ్రుల పక్కనే, అదే ఎత్తు కుర్చీల్లో, మొదటి నుంచి చివరిదాకా కూర్చునేలా చూడవలసిన పని మీది. అతను ఆ మాట అడగలేడు.

ఆ అబ్బాయి గురించి మీరు రాసిన ఒక వాక్యం నాకు నచ్చలేదు. "మీ ఇంట్లో ఒప్పుకున్నాకే మా ఇంట్లో చెబుతాను" అన్నాడని రాశారు. మీ ఇల్లు కాదంటే తన ఇంటికి ఆ అవమానం తెలియకూడదని అతని ఉద్దేశం కావచ్చు, దాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ అప్పటిదాకా పోరాటమంతా మీ ఒక్కరిదే అవుతుంది. మీరు నాన్నగారితో మాట్లాడే వారంలోనే అతనూ మదనపల్లె వెళ్ళి తల్లిదండ్రులకు చెప్పాలి, చెల్లెలికి చెప్పాలి. ఇంకా వాయిదా వేస్తే కారణం అడగండి, సమాధానం శ్రద్ధగా వినండి. చెల్లెలి పెళ్ళి అయ్యేదాకా ఆగుదాం అన్నది సరైన కారణమే కావచ్చు, దానికి ఒక తేదీ ఉంటే.

మీ అమ్మగారి మాట. "నేను బతికుండగా జరగదు" అన్నది చాలా ఇళ్ళలో వినిపించే మాటే అయినా, తిండి మానడం, నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటితే దాన్ని బెదిరింపుగా తీసిపారేయకండి, అలాగని దానికి లొంగి మాట కూడా ఇవ్వకండి. ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరులో బెంగుళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ప్రారంభించిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో కూడా దొరుకుతుంది, మీకు నిద్ర పట్టని రాత్రి మీరూ ఫోను చేయవచ్చు. అమ్మగారికి అసలు భయం ఏమిటో అడగండి. నా అనుభవంలో చాలామంది తల్లుల భయం ఆ అబ్బాయి పేదరికం గురించి కాదు. తల్లి కూతురికి సరిగా చెప్పి ఉంటే ఇలా అయ్యేది కాదని భర్త, తోడికోడళ్ళు జీవితాంతం తననే అంటారని వాళ్ళ బెంగ. ఆ నింద ఆమె మీద పడకుండా మీరు చేయగలిగేది, విషయం ఆమె ద్వారా కాకుండా మీరే నేరుగా నాన్నగారికి చెప్పడం.

ఇక ఆదివారం. అమెరికా సంబంధం వాళ్ళ ముందు మీరు కూర్చోవద్దు. "ఊరికే కూర్చో, తరువాత ఏదో ఒకటి చెబుదాం" అని అమ్మగారు అంటున్నారని రాశారు. ఆ సంబంధం అబ్బాయి సెలవు పెట్టుకుని వస్తున్నాడు, అతని తల్లిదండ్రులు ఆశతో వస్తున్నారు, వాళ్ళు మీకు ఏ అపకారమూ చేయలేదు. పైగా ఒక్కసారి కూర్చుంటే, మూడేళ్ళ ప్రేమ అంత గట్టిదేమీ కాదని మీ నాన్నగారు అనుకోవడానికి మీరే ఆధారం ఇచ్చినట్టు అవుతుంది. కనుక శనివారం దాకా ఆగకుండా, ఈ వారం మధ్యలోనే, ఆయన సైటు నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్న తరువాత మాట్లాడండి. వాట్సాప్‌లో వద్దు, మేనమామను ముందు పంపవద్దు. అతని పేరు చెప్పండి, అతని తండ్రి చేసే పని హమాలీ అనే చెప్పండి, మార్కెట్టులో ఉద్యోగం అని మెత్తబరచవద్దు. మీ ఇద్దరి లెక్క రాసిన కాగితం ఆయన ముందు పెట్టండి. నాన్నా, మీరు ఒప్పుకోవడానికి ఆరు నెలలు ఎదురుచూస్తాను, ఈలోగా పారిపోను, దొంగచాటుగా పెళ్ళి చేసుకోను, కానీ ఇంకొక సంబంధానికి కూర్చోను అని చెప్పండి, చెప్పినట్టే ఉండండి. ఆ రాత్రి ఆయన కోప్పడతారు, లేకపోతే ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోతారు. వెంటపడి వాదించవద్దు. కాగితం మాత్రం బల్ల మీదే వదిలేయండి. ఆయన పడుకునే ముందు దాన్ని తప్పకుండా చూస్తారు, కూడికలు సరిగా ఉన్నాయో లేదో కూడా చూస్తారు, కనుక ఇచ్చే ముందు మీరిద్దరూ ఇంకొకసారి సరిచూసుకోండి.